థీమ్ పార్కు ముంగిలి: పార్కింగ్ నుంచి తొలిచూపు దాకా ఏది ఎలా ఉండాలి

పార్కు కట్టేటప్పుడు డబ్బంతా రైడ్లకే పోతుంది. ముంగిలికి వచ్చేసరికి మిగిలినదాంట్లో ఒక ఆర్చి, అటూ ఇటూ రెండు బొమ్మలు, నాలుగు టికెట్ కౌంటర్లు, ఇనుప పైపుల క్యూలైను వేసి సరిపెడతారు. కానీ వచ్చినవాళ్లకు పార్కు పరిచయమయ్యేది అక్కడే. పొద్దున్నే లేచి, పిల్లల్ని తయారుచేసి, గంటో రెండు గంటలో ప్రయాణం చేసి వచ్చిన కుటుంబం ఎండలో అరగంట నిలబడిందంటే, తర్వాత ఎంత గొప్ప రైడు ఎక్కినా ఆ చిరాకు ఓ పట్టాన వదలదు.

ముంగిలి తప్పితే దిద్దుకోవడం ఎంత పెద్ద పనో తెలియాలంటే కాలిఫోర్నియాలోని అనహైమ్ చూడాలి. డిస్నీలాండ్‌కు ఎదురుగా, దాని పాత పార్కింగ్ స్థలంలోనే, 2001 ఫిబ్రవరి 8న డిస్నీ వాళ్లు కాలిఫోర్నియా అడ్వెంచర్ అనే రెండో పార్కు తెరిచారు. గేటు ముందు ‘కాలిఫోర్నియా’ అనే మాటలో ఒక్కో ఇంగ్లిష్ అక్షరాన్ని మనిషి కంటే ఎత్తుగా శిల్పంలా నిలబెట్టారు. గేటు దాటగానే గోల్డెన్ గేట్ వంతెన నమూనా, దానిమీద మోనోరైలు దారి, ఆ వెనక లోహంతో చేసిన సూర్యబింబం, ఫౌంటెను. దూరం నుంచి చూస్తే అంతా కలిసి ఒక పోస్టుకార్డులా కనిపించాలన్నది ఆలోచన. అయితే పోస్టుకార్డు మొత్తంగా కనిపించేది ఒకటి రెండు చోట్ల నుంచే. దగ్గరికి నడిచి వచ్చినవాళ్లకు కనిపించేవి విడివిడి ముక్కలు, వాటి మధ్య ఖాళీ నేల, దుకాణాలు. తాము ఏ ఊళ్లో, ఏ కాలంలో అడుగుపెట్టామో చెప్పేది అక్కడ ఏమీ లేదు. చివరికి ఆ ముంగిలినంతా తీసేసి, 1920లు, 30ల నాటి లాస్ ఏంజెలెస్‌ను తలపించే బ్వేనా విస్టా స్ట్రీట్‌ను 2012 జూన్ 15న తెరిచారు. పార్కు మొత్తాన్ని సరిదిద్దడానికి పెట్టిన 100 కోట్ల డాలర్లకు పైబడిన ఖర్చులో ఇదొక భాగం. కొత్త రైడ్లు చేర్చినంత మాత్రాన సరిపోలేదు, గుమ్మాన్ని కూడా మార్చాల్సి వచ్చింది.

కొత్త పార్కు కడుతున్నవాళ్లకైనా, ఉన్నదాన్ని బాగుచేస్తున్నవాళ్లకైనా ఒకటే వరస: ముందు వచ్చినవాళ్ల దిగులు తీర్చాలి, ఆ తర్వాత అందం చూపించాలి. ఎక్కువ పార్కులు దీన్ని తిరగేసి చేస్తాయి.

ముందు దిగులు తీర్చండి

కారు దిగిన కుటుంబం మనసులో అప్పటికప్పుడు తిరిగేవి చాలా మామూలు ప్రశ్నలు. బాత్రూమ్ ఎక్కడ? టికెట్లు ఎక్కడ, మొత్తం ఎంత అవుతుంది? తెచ్చుకున్న టిఫిను డబ్బా లోపలికి రానిస్తారా? సామాన్లు ఎక్కడ పెట్టాలి? సాయంత్రం కారు ఎక్కడుందో గుర్తుంటుందా? ఇవి తేలేదాకా మీరు లక్షలు పోసి చెక్కించిన ఆర్చి ఎవరి కంటికీ ఆనదు.

బాత్రూములు గేటు బయట ఉండి తీరాలి. లోపల ఎన్ని కట్టినా ఇది తప్పదు, ఎందుకంటే జనం వచ్చేది దూరప్రయాణం చేసి. ఆడవాళ్ల వైపు సీట్లు మగవాళ్ల వైపు సీట్లు, యూరినల్సు కలిపిన సంఖ్యకు కనీసం ఒకటిన్నర రెట్లు పెట్టండి. చంటిపిల్లల బట్టలు మార్చే బల్ల రెండు వైపులా ఉండాలి.

పార్కింగ్ వరసలకు ఏ1, బీ7 అని పేర్లు పెడితే సాయంత్రానికి ఎవరికీ గుర్తుండవు. అనహైమ్‌లోని పార్కింగ్ భవనంలో ఒక్కో అంతస్తుకు ఒక్కో బొమ్మ పాత్ర పేరు పెట్టారు. మన దగ్గర ఏనుగు, నెమలి, చిలుక అని రంగు బొమ్మలతో పెట్టినా చాలు, నాలుగేళ్ల పిల్లాడే గుర్తుపెట్టుకుంటాడు. పార్కింగ్ చివరి నుంచి గేటు దాకా నడక 300 మీటర్లు దాటితే బ్యాటరీ బండ్లు పెట్టాలి. దాటకపోయినా, ముసలివాళ్లను దించేందుకు గేటు పక్కనే కార్లు ఆగే చోటు వేరుగా ఉంచాలి.

వచ్చినవాళ్లు వినే మొదటి గొంతు ఎవరిదో గమనించండి. అది సాధారణంగా పార్కింగ్ సెక్యూరిటీ అతనిది, అంతకంటే ముందు అతని విజిల్‌ది. “ఏయ్, అటు కాదు” అనే మాటతో మొదలైన రోజును గేటు దగ్గర పూలు చల్లి బాగుచేయలేం. శిక్షణ ఇవ్వాలంటే ముందు అతనికే ఇవ్వండి. విజిల్ తీసేసి బాణం గుర్తున్న చేతిపలక ఇవ్వండి. “రండి సార్, కుడివైపు పెట్టుకోండి. టికెట్లు ఆ చెట్టు పక్కన, అమ్మా” అనే రెండు ముక్కలు చాలు. ఈ పనిని కాంట్రాక్టు ఏజెన్సీకి వదిలేసినా, మాట మాత్రం పార్కుదే అయి ఉండాలి.

ధరల బోర్డు క్యూ మొదట్లో ఉండాలి, కౌంటరు దగ్గర కాదు. జీఎస్టీ కలిపిన ధర రాయాలి. వెబ్‌సైటులో ఒక ధర, కౌంటర్లో పన్నుతో మరో ధర కనిపిస్తే ఆ తేడా వంద రూపాయలైనా మోసపోయామనే అనిపిస్తుంది. పిల్లల టికెట్ ఎత్తును బట్టి ఇచ్చే పార్కుల్లో గొడవలన్నీ కొలత దగ్గరే. గేటు దగ్గర కొలిస్తే, టికెట్ కొన్నాక మళ్లీ వెనక్కి పోవాలి, వెనక క్యూ ఆగిపోతుంది. కొలత పలకను టికెట్ కౌంటర్లకు ముందే, పక్కగా పెట్టండి. చెప్పులతో కొలుస్తారా, విప్పించి కొలుస్తారా అన్నది పలక మీదే రాయండి. పలక కింద నేల సమంగా ఉండాలి. నీళ్లు పోవడానికి వాలుగా పోసిన నేల మీద నిలబెడితే సెంటీమీటరు తేడా వస్తుంది, తగాదాకు అది చాలు.

బయటి తిండి నిషేధమైతే ఆ సంగతి టికెట్ బుక్ చేసేటప్పుడే చెప్పాలి, పార్కింగ్‌లో మరోసారి చెప్పాలి. ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం కట్టుకొచ్చిన అవ్వ చేతిలోంచి డబ్బా తీసుకుని పక్కన పడేయడం కంటే చెడ్డ స్వాగతం ఇంకోటి లేదు. గేటు బయట నీడలో పది పదిహేను బల్లలు, చేతులు కడుక్కునే కుళాయిలు, డబ్బాలు దాచుకునే లాకర్లు పెట్టండి. మధ్యాహ్నం చేతికి ముద్ర వేయించుకుని బయటికొచ్చి తిని వెళ్లే వీలు ఇవ్వండి. పసిపిల్లల తిండి, మందులు ఎలాగూ లోపలికి రానివ్వాలి.

గేట్ల లెక్క

ముంగిలి ఎంత పెద్దది కావాలో కంటికి తోచినట్టు నిర్ణయించకండి. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. రద్దీ రోజున 6,000 మంది వస్తారనుకుందాం. పార్కు పదిన్నరకు తెరుస్తుంది. వచ్చేవాళ్లలో 40 శాతం ఒకే గంటలో వస్తారనుకుంటే 2,400 మంది, అంటే నలుగురేసి లెక్కన 600 కుటుంబాలు.

సగం కుటుంబాలు ఆన్‌లైన్లో కొనేసి వస్తే కౌంటర్లకు 300. ఒక్కో కుటుంబానికి రెండు నిమిషాలు పడితే కౌంటరుకు గంటకు 30 కుటుంబాలు, అంటే పది కౌంటర్లు కావాలి. క్యూఆర్ కోడు చూపించే గేటు దగ్గర మనిషికి 8 సెకన్లు పడితే గేటుకు గంటకు 450 మంది, అంటే ఆరు గేట్లు. ఒకటి చెడిపోయినా ఆగకుండా ఉండాలంటే ఏడు. బ్రిటన్ స్టేడియాల భద్రతా లెక్కల్లో ఒక టర్న్‌స్టైల్‌కు, అంటే ఒక్కొక్కరినే లోపలికి వదిలే తిరుగుడు గేటుకు, గంటకు 660 మందికి మించి వేసుకోకూడదు. అక్కడికొచ్చేది ఎక్కువగా పెద్దవాళ్లు. పార్కులో చంకలో పిల్లాడు, చేతిలో సంచీ, ఫోనులో టికెట్ వెతుక్కోవడం ఉంటాయి కాబట్టి 450ని దాటి ఆశపడకండి.

ఇప్పుడు సంచుల తనిఖీ. ఒక కుటుంబానికి అర నిమిషం పడితే బల్లకు గంటకు 120 కుటుంబాలు, 480 మంది. ఐదు బల్లలు పెడితే గంటకు 2,400. ఏడు గేట్లు గంటకు 3,150 మందిని పంపగలవు గానీ, తనిఖీ దాటి వాటి దాకా వచ్చేది 2,400 మందే. గేట్లు ఎన్ని పెంచినా క్యూ తగ్గట్లేదని మేనేజర్లు తల పట్టుకునేది ఇక్కడే. వరసలో అన్నింటికంటే నెమ్మదిగా సాగే మెట్టు ఏదో, మొత్తం వేగం దానిదే. గేట్లు కొనేముందు సంచులు లేనివాళ్లకు వేరే దారి తీయండి. ఒక్క తాడు కట్టడంతో అయ్యే పని అది.

నిలబడే చోటు సంగతి కూడా లెక్కతోనే తేలాలి. తెరిచే సమయానికి 1,200 మంది చేరి ఉంటారనుకుందాం. జనసమ్మర్దం మీద పనిచేసిన అమెరికన్ ఇంజనీరు జాన్ ఫ్రూయిన్ కొలతల ప్రకారం క్యూలో మనిషికి 0.65 నుంచి 0.93 చదరపు మీటర్లు ఉంటే ఒకరినొకరు తగలకుండా, కాస్త సర్దుకుని నిలబడొచ్చు. 0.28కి దిగితే ఒళ్లూ ఒళ్లూ రాసుకోవడం మొదలవుతుంది. 0.9 వేసుకుంటే 1,080 చదరపు మీటర్లు, దాదాపు 1,300 గజాలు. ఆ 1,300 గజాలూ నీడలో ఉండాలి.

స్కూలు బస్సులకు దారి వేరుగా ఉండాలి. రెండు బస్సులు ఒకేసారి ఖాళీ అయితే వంద మంది పిల్లలు ఒక్కసారిగా కుటుంబాల క్యూలో పడతారు, టీచర్లు తలలు లెక్కపెట్టడానికి సరిగ్గా గేటు ముందే ఆగుతారు. చేతిపట్టీలు బస్సులోకే పంపించి, తలల లెక్క బస్సు దిగకముందే అయ్యేలా చూడండి.

యూపీఐ గురించి ఒక మాట. వందలమంది ఒక్క రేకుల షెడ్డు కింద ఫోన్లు తీస్తే సిగ్నల్ పడిపోతుంది. డబ్బు ఖాతాలోంచి పోతుంది, కౌంటర్లో చూస్తే రాలేదంటుంది. రెండు వేర్వేరు కంపెనీల నెట్ కనెక్షన్లు, కౌంటర్ల దగ్గర ఉచిత వైఫై, కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఉండాలి. డబ్బు మధ్యలో ఇరుక్కున్నవాళ్లను కౌంటరు దగ్గరే నిలబెట్టకుండా పక్కనున్న సహాయం బల్లకు పంపాలి, మళ్లీ క్యూలో నిలబెట్టకూడదు.

చక్రాల కుర్చీకి, పిల్లల బండికి కనీసం 900 మిల్లీమీటర్ల వెడల్పున్న గేటు ఒకటైనా కావాలి. ర్యాంపు వాలు 12 అడుగులకు ఒక అడుగు మించకూడదు. ఆ గేటుకు తాళం వేసి “పిలిస్తే వచ్చి తీస్తాం” అంటే అది లేనట్టే.

నీడ

టోక్యో డిస్నీలాండ్ 1983 ఏప్రిల్ 15న తెరిచినప్పుడు అమెరికా డిస్నీలాండ్ ముంగిట్లో ఉన్న మెయిన్ స్ట్రీట్ అనే దుకాణాల వీధిని ఉన్నదున్నట్టు దించలేదు. అక్కడి వానలకు తగ్గట్టు వీధి మొత్తానికి గాజు కప్పు వేసి వరల్డ్ బజార్ అన్నారు. 1992లో ప్యారిస్ దగ్గర కట్టినప్పుడు వీధికి రెండు పక్కలా, దుకాణాల వెనకగా, పైకప్పున్న నడవాలు వేశారు. చలిలో, వానలో జనం వాటిలోంచి నడుస్తారు. ఊరి వాతావరణాన్ని బట్టి గుమ్మం మార్చుకోవాలని వాళ్లు చేసి చూపించారు.

మనకు శత్రువు ఎండ. గాజు కప్పు మన దగ్గర పనికిరాదు, లోపల వేడి చిక్కుకుపోతుంది. రేకుల షెడ్డు వేస్తే ఎత్తు కనీసం 15 అడుగులు ఉండాలి, రేకు కింద వేడిని ఆపే పొర ఉండాలి, నడిమి దూలం దగ్గర వేడిగాలి పోవడానికి సందు ఉండాలి. తొమ్మిదడుగుల ఎత్తులో వేసిన వట్టి రేకు మధ్యాహ్నానికి పెనంలా కాలి, ఎండ కంటే ఎక్కువగా మాడుస్తుంది.

చెట్లే మేలు. కానుగ, వేప మన నేలకు అలవాటైనవి, నీడ చిక్కన. 20, 25 అడుగులకొకటి నాటితే ఏడెనిమిదేళ్లలో కొమ్మలు కలుస్తాయి. అందుకే గోడలకంటే ముందు చెట్లు నాటాలి. రావి, మర్రి వేర్లు నేల పలకలను లేపేస్తాయి. నిద్రగన్నేరు కొమ్మలు ఈదురుగాలికి విరిగి పడతాయి, క్యూ మీద ఆ చెట్టు వద్దు. ఇక రాయల్ పామ్, నిలువు అశోక చెట్లు బ్రోషర్లో బాగుంటాయి, వాటి కింద ఒక్క మనిషి కూడా నీడకు నిలబడలేడు. ముంగిలికి ఇంతకంటే డబ్బు దండగ లేదు.

నీటితుంపర ఫ్యాన్లు హైదరాబాదులో ఏప్రిల్, మేలలో బాగా పనిచేస్తాయి. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తుంపర వెంటనే ఆవిరై చల్లబరుస్తుంది. విశాఖలో, కాకినాడలో గాలిలో అప్పటికే తేమ ఎక్కువ, తుంపర ఆరదు, బట్టలు తడిసి ఇంకా ఉక్కపోస్తుంది. అక్కడ పెద్ద రెక్కల ఫ్యాన్లే శరణ్యం.

నేలకు నున్నటి గ్రానైటు వేయకండి. వానలో జారుతుంది, వాటర్ పార్కుల దగ్గర ఎప్పుడూ జారుతుంది. గరుకు చేసిన రాయి గానీ, లేత ఎరుపు, గోధుమరంగు పేవర్లు గానీ వేయండి. తెల్లరాయి కళ్లు చెదరగొడుతుంది, నల్లతారు కాళ్లు కాలుస్తుంది. 1955 జూలై 17న డిస్నీలాండ్ తెరిచిన రోజున అప్పుడే పోసిన తారు ఎండకు మెత్తబడి ఆడవాళ్ల హీల్స్ దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె కారణంగా బాత్రూములో, తాగునీటి కుళాయిలో ఒకటే సిద్ధం చేయగలమంటే పార్కు కట్టించిన వాల్ట్ డిస్నీ బాత్రూములను ఎంచుకున్నారు. నకిలీ టికెట్లతో అనుకున్నదానికంటే ఎక్కువమంది లోపలికి వచ్చారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మొదటి రోజు గురించి చెప్పుకునేది వీటినే.

గేటు దాటాక ఏం కనిపించాలి

డిస్నీలాండ్ నడుమ ఒక కోట ఉంది గానీ, గేటు దాటితే అది ఎదురుగా కనిపించదు. రైలు స్టేషనూ, మట్టికట్టా అడ్డంగా ఉంటాయి. కట్ట కింద కుడి ఎడమల రెండు సొరంగాలు, వాటి గోడలకు లోపలి రైడ్ల పోస్టర్లు. ఆ కాస్త చీకటి దాటి బయటికి వస్తే ఊరి చౌరస్తా, అక్కడి నుంచి మెయిన్ స్ట్రీట్, దాని కొసన కోట. బయటి రోడ్లు, మోటళ్లు కనబడకుండా పార్కు చుట్టూ అదే మట్టికట్ట తిరుగుతుంది. ఇలా ముందు అడ్డు పెట్టి, తర్వాత ఇరుకు చేసి, ఆపైన ఒక్కసారిగా తెరవడం వల్ల మనిషికి తాను బయటి లోకాన్ని వదిలి వచ్చానని తెలుస్తుంది. గాలిగోపురం కింది నుంచి ప్రాకారంలోకి అడుగుపెట్టిన ఎవరికైనా ఇది అనుభవమే. మీ పార్కులో సొరంగం కట్టే వీలు లేకపోతే దారిని ఒక్క మలుపు తిప్పండి. వెదురు పొదలతో 30, 40 అడుగుల నడవా వేసినా చాలు. గేటు బయట నుంచే లోపలి రైడ్లన్నీ కనిపిస్తుంటే విప్పి చూపించడానికి ఏమీ మిగలదు.

ఈ విడదీసే పనిని దూరంతో కూడా చేయొచ్చు. అనహైమ్ పార్కు చుట్టూ వాణిజ్యం అడ్డదిడ్డంగా పెరిగిపోవడం చూసి, వాల్ట్ డిస్నీ ఫ్లోరిడాలో దాదాపు 27,000 ఎకరాలు కొనిపించారు. అక్కడ 1971 అక్టోబరు 1న తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకు కార్లో వచ్చినవాళ్లు సరస్సు ఇవతలే బండి ఆపి, మోనోరైలులోనో పడవలోనో దాటి వెళ్లాలి. రామోజీ ఫిల్మ్ సిటీలో విజయవాడ హైవే పక్కన గేటు దగ్గర బండి ఆపి, బస్సెక్కి లోపలికి పోవడం కూడా అదే పని చేస్తుంది. అయితే ఇలాంటి ప్రయాణం పెడితే బస్సు కోసం నిరీక్షణ ఐదు నిమిషాలు దాటకూడదు. దాటితే అది మరో క్యూ అయి కూర్చుంటుంది.

గేటు దాటిన మొదటి 20 అడుగుల్లో ఏమీ పెట్టకండి. బోర్డు, బొమ్మ, బెలూన్లు అమ్మేవాడు, ఫొటోలు తీసేవాడు ఎవరూ వద్దు. టికెట్ జేబులో పెట్టుకుని, పిల్లల్ని లెక్కచూసుకుని, ఎటు పోవాలో తేల్చుకోవడానికి జనం అక్కడ ఆగుతారు. ఫొటో తీసుకునే చోటు దానికి అవతల, నడిచే దారికి పక్కగా ఉండాలి. తీసేవాళ్లు వెనక్కి జరగడానికి 15 అడుగులు వదలాలి.

దూరాన కనిపించే ముఖ్యమైన కట్టడం ఎంత ఎత్తు, ఎంత దూరం ఉండాలన్నదానికి పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ ఆర్కిటెక్టు మేర్టెన్స్ చెప్పిన లెక్క ఇప్పటికీ అక్కరకొస్తుంది. కట్టడం ఎత్తుకు మూడు రెట్ల దూరంలో నిలబడితే అది చుట్టుపక్కలతో కలిసి ఒక దృశ్యంగా కనిపిస్తుంది. రెండు రెట్ల దూరంలో కట్టడం మొత్తం కంటినిండా కనిపిస్తుంది. ఎత్తుకు సమానమైన దూరానికి వస్తే చెక్కడాలు తప్ప మొత్తం రూపం అందదు. మీరు 60 అడుగుల బురుజు కడితే, అది మొదటిసారి కంటపడే చోటు దానికి 180 అడుగుల అవతల ఉండాలి, ఫొటో చోటు 120 అడుగుల దగ్గర. గేటు దాటగానే 50 అడుగుల్లో బురుజు పెడితే మెడలు నొప్పి పుడతాయి, ఫొటోలో పైభాగం తెగిపోతుంది. డిస్నీలాండ్ కోట ఎత్తు 77 అడుగులే. ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్ కోటది 189. చిన్న కోట పెద్దగా కనిపించడానికి కారణం దూరం ఒక్కటే కాదు, కింది రాళ్లు పెద్దవిగా, పైకి పోయేకొద్దీ చిన్నవిగా చేశారు. వీధిలోని భవనాల పై అంతస్తులనూ అలాగే కుదించారు.

ఈ కిటుకు మన దగ్గరా తేలిగ్గా చేయొచ్చు. కింద తలుపు మామూలు ఏడడుగులే ఉంచి, పై అంతస్తు కిటికీలను ముప్పావు కొలతకు, ఆపై అంతస్తువి సగానికి కాస్త పైన చేయండి. అయితే ఆ పైన అసలు కొలత వస్తువు ఒక్కటి కూడా కనబడకూడదు. డాబా మీద నల్ల ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు, గోడకు ఏసీ డబ్బా, ఆరేసిన యూనిఫారం ఏది కనిపించినా కన్ను వెంటనే అసలు కొలత పసిగడుతుంది. మూడంతస్తుల భవనం క్షణంలో బొమ్మరిల్లయిపోతుంది.

దిక్కు

దీన్ని నక్షా గీసిన రోజే తేల్చుకోవాలి, తర్వాత దిద్దలేం. డిస్నీలాండ్‌కు గేటు దక్షిణాన ఉంది. జనం ఉత్తరానికి నడుస్తారు, కోట ముఖం దక్షిణానికి ఉంటుంది కాబట్టి రోజంతా వెలుగు పడుతుంది. దానికి ఎదురుగా కట్టిన రెండో పార్కులో జనం దక్షిణానికి నడవాలి. అందుకే 2001 నాటి ఆ సూర్యబింబం ముఖం ఉత్తరానికి వచ్చి, ఎండ పడక, సూర్యుడి వెంట తిరిగే అద్దాలు పెట్టి వెలుగును దానిమీదకు మళ్లించాల్సి వచ్చింది.

మనకు స్కూలు ఎక్స్‌కర్షన్ల కాలం చలికాలం. అప్పుడు సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, ఉత్తరముఖం గోడ పొద్దంతా నీడలోనే ఉంటుంది. వాస్తు చూసుకునే యజమానులు తూర్పు గేటు అడుగుతారు, అది ఈ లెక్కకూ సరిపోతుంది. తూర్పు నుంచి లోపలికి నడిచేవాళ్ల వీపు మీద పొద్దుటి ఎండ ఉంటుంది, ఎదురుగా కట్టడం వెలిగిపోతూ ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. ఒక్కటే చిక్కు, గేటు బయట క్యూలో ఉన్నవాళ్లకు పదిన్నర ఎండ నేరుగా తగులుతుంది. నీడ పందిరి తూర్పు అంచున ఇంకో పది అడుగులు ముందుకు సాగి కిందికి వాలేలా వేయండి.

వీధి, చౌరస్తా, చప్పుడు

తొలిచూపు దాటాక దారి ఒక్కటిగానే సాగి, ఒక చౌరస్తాలో విడిపోవాలి. గేటు దగ్గరే నాలుగు దారులు చీలిస్తే కుటుంబం అక్కడే నిలబడి వాదించుకుంటుంది. వీధిలో పొద్దున జనం దుకాణాల్లోకి రారు, రైడ్లకు పరుగెత్తుతారు. అందుకని పొద్దున అక్కడ టోపీ, సన్‌స్క్రీన్, నీళ్లసీసా, వాటర్ పార్కయితే నైలాన్ బట్టలు ముందుకు పెట్టండి. బొమ్మలు, గుర్తుగా కొనుక్కునేవి సాయంత్రానికి ముందుకు తెండి.

సంగీతం ముంగిట్లో మాట వినిపించేంత మెత్తగా ఉండాలి, 60 నుంచి 65 డెసిబెల్స్. డీజే బాక్సులు పెడితే కౌంటర్లో అమ్మాయి చెప్పే ధర వినబడదు, ప్రతి లావాదేవీకీ పది సెకన్లు పెరుగుతాయి. ఒకే పాటల వరస గంటకు తక్కువైతే అక్కడ పనిచేసేవాళ్లకు పిచ్చెక్కుతుంది, వాళ్ల ముఖంలో అది కనిపిస్తుంది. వాసన విషయంలో, పాప్‌కార్న్ బండిని గాలి వచ్చే వైపు, చెత్తకుండీల గదిని గాలి పోయే వైపు పెట్టండి. మన దగ్గర వానాకాలంలో గాలి పడమటి వైపు నుంచి వస్తుందని గుర్తుంచుకోండి.

బోర్డుల మీద తెలుగు అక్షరం ఇంగ్లిష్ కంటే కాస్త పెద్దదిగా ఉండాలి. ఒత్తులు, గుడులు ఉన్న అక్షరం చిన్నగా ఉంటే దూరానికి అలుక్కుపోతుంది. హైదరాబాదులో ఉర్దూ, హిందీ కూడా కావాలి.

సాయంత్రం, అదే గేటు

వచ్చిన దారే పోయే దారి. పొద్దున గంటల తరబడి నింపాదిగా వచ్చిన జనం సాయంత్రం ముప్పావుగంటలో వెళ్లిపోతారు. టర్న్‌స్టైల్స్ గుండా బయటికి పంపకూడదు, బయటి దారి వేరుగా వెడల్పుగా ఉండాలి. ప్రమాదం వస్తే ఎంత వెడల్పు కావాలో కూడా ముందే వేసుకోండి. సమతలం మీద మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది అన్నది స్టేడియాల్లో వాడే లెక్క. 6,000 మంది ఎనిమిది నిమిషాల్లో ఖాళీ కావాలంటే అన్ని దారులూ కలిపి తొమ్మిది మీటర్లకు పైగా రావాలి. ఈ తలుపులు లోపలి నుంచి తోస్తే తెరుచుకోవాలి, గొలుసూ తాళమూ ఉండకూడదు. అగ్నిమాపక శాఖ అడిగేది ఇంతకంటే ఎక్కువైతే అదే చేయాలి.

పార్కింగ్ దారిలో దీపాలు నేల కనిపించేలా కిందికి ఉండాలి. నిద్రపోతున్న పిల్లాణ్ణి భుజాన వేసుకున్నవాళ్లకు మెట్టు అంచు కనిపించడం ముఖ్యం, ఆర్చి మీద రంగుల లైట్లు తర్వాత సంగతి.

ఉన్న పార్కును ఎలా పరీక్షించాలి

ఒక శనివారం, ఒక మామూలు రోజు, ఒక స్కూలు గ్రూపుల రోజు ఎంచుకోండి. తెరవడానికి అరగంట ముందు నుంచి ఇద్దరు మనుషుల్ని పెట్టండి, ఒకరు పార్కింగ్‌లో, ఒకరు గేటు లోపల. మొదటివాళ్లు ఒక కుటుంబం కారు తలుపు తెరిచిన సమయం, ఆ కుటుంబం పెద్దాయన చొక్కా రంగు రాసి ఫోనులో పంపాలి. రెండోవాళ్లు వాళ్లు గేటు దాటిన సమయం రాయాలి. ఇలా 30 కుటుంబాలు చాలు. సగటు చూడొద్దు, బాగా ఆలస్యమైన ఐదు కుటుంబాలు ఎక్కడ ఆగాయో చూడండి. అదే సమయంలో ప్రతి సెక్యూరిటీ, ప్రతి హౌస్‌కీపింగ్ మనిషికీ ఒక చీటీ ఇచ్చి, తమను ఎవరు ఏం అడిగినా ఒక గీత గీయమనండి: బాత్రూమ్, టికెట్, లాకర్, తిండి, దారి. ఏ ప్రశ్నకు గీతలు ఎక్కువొస్తే ఆ బోర్డు తప్పుచోట ఉందన్నమాట.

దిద్దే వరస కూడా ఖర్చును బట్టి వేసుకోండి. మొదటి వారంలో సంచులు లేనివాళ్ల దారి, కొలత పలక, ధరల బోర్డు, పార్కింగ్ మాటతీరు. నెలలో తిండి బల్లలు, గేటు లోపల 20 అడుగులు ఖాళీ చేయడం, పాటల చప్పుడు. వేసవికి ముందు పందిరి. జూన్ తొలకరికి కానుగ మొక్కలు, ఆరడుగులకు తక్కువ కానివి, మొదటి రెండేళ్లూ డ్రిప్పుతో. ఆర్చికి కొత్త రంగు అన్నింటికంటే చివర వేయించండి.